నాన్న అందించిన మాట

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంటి పిల్లిని నేను వర్ణిస్తే వినేవాళ్లు అటవీ శాఖకు ఫోన్ చేస్తారు. ఇది మాత్రం చాలావరకు జరిగిందే. ఆ రోజుల్లో నేను ముంబైలో ప్రకటనలకు తెలుగు మాటలు రాసేవాణ్ణి. లోకల్ రైల్లో రద్దీ ఎంతంటే, నేనొక స్టేషన్లో దిగితే నా చెప్పులు తర్వాతి స్టేషన్లో దిగేవి. గదిలో కాళ్లు చాపాలంటే పక్కగది వాళ్ల అనుమతి కావాలి. (కిటికీ లేదని అనను, గోడకు అతికించిన బొమ్మలో ఒకటుండేది.)

మా ఇల్లు ఫిల్మ్‌నగర్ గుట్ట కింద. నాన్న సినిమాల్లో ప్రాంప్టింగ్ చెప్పేవారు. అంటే కెమెరా పక్కన నిలబడి, తెలుగు రాని తారలకు మాటలు అందించడం. ఇంట్లో "ఏంది, గట్ల" అనే మనిషి సెట్లో అడుగుపెట్టగానే "ఏంటండీ" అయిపోయేవారు. ఆ అలవాటు ఇంటికీ పాకింది. హెడ్మాస్టరు ముందైనా, కండక్టరు ముందైనా నేను నోరు తెరిస్తే చాలు, ఎదురుగా నాన్న పెదవులు కదిలేవి. వాటిని చూసి నేను అప్పజెప్పేవాణ్ణి. (ఆ తర్వాత పెళ్లిచూపుల్లోనూ అంతే. "నచ్చింది" అన్నది నేనేనని మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతోంది.)

అలాంటి నాన్నకు గొంతు ఆపరేషన్ అయింది. మాట పోయి గాలి మిగిలింది. సెలవు పెట్టి వచ్చాను. ఆ పెదవులు చదవగలిగింది ఇంట్లో నేనొక్కణ్ణే. ఆయన మంచినీళ్లు అడిగితే అమ్మ దుప్పటి కప్పేది. "గీయన ఏమంటున్నడో జర చూడు బిడ్డా. రేపు నువ్వు పోతే నాకెవరు చెప్తరు?" అనేది.

సెలవు అయిపోవస్తుండగా మా కోస్తా బాసు ఫోన్ చేశారు. "ఏమయ్యా, సోమవారం దిగుతున్నావా లేదా? నీ కుర్చీ కోసం ఊరంతా కాచుక్కూర్చుంది ఇక్కడ!" ఎదురుగా మంచం మీద నాన్న లేచి కూర్చుని పెదవులు కదిపారు. అలవాటు కొద్దీ అప్పజెప్పేశాను: "రానండీ. ఇక ఇక్కడే ఉంటానండీ." (బాసు ఫోన్ పెట్టేసిన చప్పుడుకు అరేబియా సముద్రం కాస్త వెనక్కి తగ్గిందని విన్నాను.) అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా, పోరని నౌకరి గిట్ల ఊడగొట్టినవ్?" అని నాన్నను నిలదీసింది. ఆయన నావైపే చూస్తూ దుప్పటి సర్దుకున్నారు.

తర్వాత ఫిల్మ్‌నగర్లోనే ఒక డబ్బింగ్ థియేటర్లో పని దొరికింది. సాయంత్రాలు ఇద్దరం జూబ్లీహిల్స్ ఎత్తుల మీద నడిచేవాళ్లం. ఎవరైనా కారు ఆపి దారి అడిగితే నాన్న పెదవులు కదిపేవారు, నేను చెప్పేవాణ్ణి. అన్నం అందరం కలిసే తినేవాళ్లం. ఉద్యోగం పోగొట్టిన ఘనత నాన్నదేనంటూ ఈ కథను ఎన్ని పెళ్లి పందిళ్లలో చెప్పి నవ్వించానో.

ఇక కల్పించిందేదో చెప్పాలి కదా. చెప్పులు నిజం, గరిటె నిజం. ఆ రోజు నాన్న అందించిన మాట మాత్రం "సోమవారం వస్తానండీ". అంత స్పష్టంగా ఆయన ఏ తారకూ అందించి ఉండరు. మాట మార్చింది నేను. అమ్మ వంటింట్లోకి వెళ్లాక, "తప్పు చెప్పినవ్ రా" అన్నారు గాలి గొంతుతో.

"ఇంకో టేక్ చేద్దామా నాయినా?" అన్నాను.

వద్దని చెయ్యి ఊపి, మంచం మీద కాస్త పక్కకు జరిగారు, నేను కూర్చోవడానికి.