పెద్దమ్మ ఎత్తిన ఫోను

హైటెక్ సిటీ కొత్తగా లేస్తున్న రోజులవి. నేను, యాదగిరి, జాన్ కాలేజీ నుంచి స్నేహితులం. మూసాపేటలో మేడమీద గది తీసుకుని, నగరంలో కిరాయికి దొరికే ఇళ్లను ఫొటోలతో చూపించే వెబ్‌సైట్ మొదలుపెట్టాం. గదిలో కంప్యూటర్ ఉంది గానీ ఫోను లేదు. కింద ఇంటి ఓనరు పెద్దమ్మ ఫోను నుంచే తీగ లాగి ఇంటర్నెట్ పెట్టుకున్నాం. కింద ఎవరైనా రిసీవర్ ఎత్తితే చాలు, పైన మా కంపెనీ ఆగిపోయేది!

ఒకరోజు మా వెబ్‌సైట్ చూసి పెట్టుబడి పెడతానంటూ ఒక పెద్దాయన వచ్చాడు. "పెద్దమ్మా, గంటసేపు ఫోను జెయ్యకు" అని యాదగిరి ముందే దండం పెట్టి చెప్పొచ్చాడు.

మోడెం కీచుమంటూ కలిసింది. తెరమీద ఓ ఇంటి ఫొటో పైకప్పు నుంచి మెల్లగా కిందికి దిగుతోంది. కిటికీలు వచ్చాయి. తలుపు రాబోతుండగా లైను తెగింది. మళ్లీ కలిపాం. మళ్లీ కిటికీల దగ్గరే తెగింది. మూడోసారీ అంతే!

యాదగిరి కిందికి ఉరికాడు. "ఏంది పెద్దమ్మా, ఫోను జేసినవా?"

"ఎవ్వలకు చెయ్యలే బిడ్డా. మీ పనైందో లేదోనని నడుమ నడుమ జర ఎత్తి ఇన్న, గంతే!"

పెద్దాయన నవ్వుతూ చెప్పులేసుకున్నాడు. మళ్లీ రాలేదు. ఆరు నెలలకు కంపెనీ మూసేశాం. కంప్యూటర్‌ను ఆటోలోకి ఎక్కిస్తుంటే పెద్దమ్మ గుమ్మంలోంచి అడిగింది: "ఇగ ఫోనెత్తొచ్చునా బిడ్డా?"

తర్వాత ఎన్నో ఆఫీసుల్లో పనిచేశాను. మా పనైందో లేదోనని అంతలా కనిపెట్టుకుని కూర్చున్న మనిషి మళ్లీ దొరకలేదు.