శ్రవణ్ నిద్రలో ఎక్కిన రైలు

నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వెయ్యండి. మధ్యలో నవ్వితే నేను చెప్పడం ఆపేస్తాను. ఇది ఎక్కడో విన్నది కాదు, ఎవరో పంపిన మెసేజ్ కాదు. నాకు జరిగింది. వెస్ట్‌మీడ్‌లో మేముండే ఫ్లాట్‌లో, మా బెడ్‌రూమ్‌లో. హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్లి స్వామి ముందు నిలబెట్టి అడిగినా ఇదే చెప్తాను.

మా ఆయన శ్రవణ్‌ది ఐటీ. నేను ఫార్మసీలో చేస్తాను. పెళ్లయినప్పటి నుంచి దొరికిన సెలవులన్నీ వరంగల్ వెళ్లి రావడానికే సరిపోయాయి. ఇద్దరమే కలిసి ఒక్క ఊరు చూసింది లేదు. అందుకే ఆ ఏడాది గట్టిగా అనుకున్నాం. యూరప్ పోదాం. అదీ చలికాలంలో, మంచులో, రైళ్ల మీద. దానికో పాస్ ఉంటుంది. అది కొనుక్కుంటే ఎన్ని రైళ్లైనా ఎక్కొచ్చు. నచ్చినచోట దిగొచ్చు. మళ్లీ ఇంకో రైలు పట్టుకోవచ్చు.

అక్కడ మంచు పడే రోజుల్లో, భూగోళానికి ఈ కింది వైపున్న మనకు ఇక్కడ మండే ఎండలు కదా. ఆ రోజైతే పొద్దున్నుంచీ వడగాలి. ఫ్లాట్‌లో ఏసీ పాడై వారమైంది, ఫ్లాట్ అద్దెకిచ్చిన ఏజెంట్‌కి ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అంటున్నాడు. ఆ ఉక్కలో మేమిద్దరం కొత్తగా కొన్న ఉన్ని బనియన్లు వేసుకుని సైజు చూసుకుంటున్నాం. చెమటలు కారిపోతున్నాయి. ఒకరినొకరం చూసుకుని పడీపడీ నవ్వాం.

తర్వాత డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రూట్ వేసుకున్నాం. అక్కడ మొదలైంది పేచీ. నాకు హోటళ్లు ముందే బుక్ కావాలి. శ్రవణ్ వినడు.

"పాస్ ఉంది గదా మమతా! ఏ స్టేషన్ మంచిగ అనిపిస్తే ఆడ దిగుదాం. నెక్స్ట్ ట్రెయిన్ ఎక్కుదాం."

"పాస్ ఉన్నదని ప్రతి స్టేషన్ల దిగుతమా? ఆ చలికి సస్తం."

"అదే గదా ఫన్!"

"నీ ఫన్ నువ్వే చేస్కో. నేనైతే దిగ."

పెద్ద గొడవేం కాదు. నవ్వుకుంటూనే లేచాం. కిటికీ కొంచెం తెరిచి, ఫ్యాన్ ఫుల్లులో పెట్టి, దుప్పటి కూడా కప్పుకోకుండా పడుకున్నాం.

ఒక సంగతి చెప్పాలి. శ్రవణ్‌కి నిద్రలో మాట్లాడే అలవాటుంది. అన్నీ ఆఫీసు ముచ్చట్లే. "ఆ బటన్ నొక్కకు భాయ్" అంటాడు. నేనేమైనా అడిగితే జవాబు కూడా చెప్తాడు. పొద్దున్నే అదంతా చెప్పి ఏడిపిస్తుంటాను. మాకదో ఆట.

ఆ రాత్రి కూడా అలాగే మెలకువ వచ్చింది.

"జరుగు."

మంచం మీద చోటు కోసం అనుకుని జరిగాను.

"కిటికీ పక్కన కూసుంట. మంచు చూస్త."

నాకు నవ్వాగలేదు. అప్పుడే యూరప్ వెళ్లిపోయాడు మహానుభావుడు! మోచేతి మీద లేచి మెల్లగా అడిగాను.

"ఏడున్నవ్ శ్రవణ్?"

"రైల్ల."

"ఏ స్టేషన్ వచ్చింది?"

కళ్లు మూసుకునే ఉన్నాయి. కనుబొమలు మాత్రం ముడిచాడు... దూరంగా ఉన్నదేదో చదవడానికి ప్రయత్నిస్తున్నట్టు.

"బోర్డు నిండ మంచు పడ్డది. పేరు కనిపిస్తలేదు."

"మరి నేనేడున్న?"

"నువ్వు దిగినవ్ గదా."

ఎందుకో ఆ మాట... నాకు నచ్చలేదు. నవ్వు పోయింది. అయినా అడిగాను.

"ఎందుకు దిగిన?"

"ఫొటో అన్నవ్. వద్దన్న. ఇనలే."

అప్పుడు చూశాను.

వీధి దీపం వెలుతురు కర్టెన్ సందులోంచి సన్నగా అతని ముఖం మీద పడుతోంది. ఆ వెలుతురులో... శ్రవణ్ నోట్లోంచి ఆవిరి వస్తోంది. చలికాలం పొద్దున మనం మాట్లాడితే వస్తుందే, అలా. తెల్లగా. మాట అన్నప్పుడల్లా కొంచెం... ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం. నా మెడ మీద చెమట కారుతోంది. జుట్టు తడిసి అంటుకుపోయింది. పక్కనే, జానెడు దూరంలో, ఆయన ఊపిరి పొగలా లేస్తోంది.

చెయ్యి పట్టుకుని చూశాను. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన గిన్నెలా ఉంది.

లేపాలి. లేపాలని తెలుసు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని చూస్తున్నాను.

"అగో..." అన్నాడు. పెదవుల మీద చిన్న నవ్వు. "వచ్చినవ్. బయట నిలబడి అద్దం కొడుతున్నవ్."

టక్.

మా బెడ్‌రూమ్ కిటికీ మీద.

టక్... టక్.

మాది రెండో అంతస్తు. ఆ వైపు బాల్కనీ లేదు, చెట్టూ లేదు. పాసమ్ అయ్యుంటుందిలే అనుకున్నాను. పిల్లంత ఉంటాయి, ఇక్కడ రాత్రిళ్లు కప్పుల మీద, గోడల మీద తిరుగుతుంటాయి కదా. అదే అయ్యుంటుంది... అదే అయ్యుండాలి. కానీ పాసమ్ గీకుతుంది, దూకుతుంది. ఇలా వేలి కణుపుతో, ఆగి ఆగి కొట్టదు. కొట్టి... జవాబు కోసం చూసి... మళ్లీ కొట్టదు.

టక్... టక్.

కర్టెన్ తియ్యలేదు. తీసుంటే ఈరోజు మీకు ఏదో ఒకటి గట్టిగా చెప్పగలిగేదాన్ని. చెయ్యి రాలేదు నాకు.

శ్రవణ్ చెవి దగ్గరికి వంగి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అన్నాను.

"శ్రవణ్... అది నేను గాదు. నేను ఈడనే ఉన్న. నీ పక్కనే ఉన్న."

చప్పుడు ఆగిపోయింది.

ఫ్యాన్ తిరుగుతోంది. ఇంకేం వినపడటం లేదు. శ్రవణ్ ముఖం మీది నవ్వు మెల్లగా పోయింది. తల నా వైపు తిప్పాడు. చాలా మెల్లగా. కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. మూసిన కళ్లతోనే నా ముఖమంతా చూస్తున్నాడు. అది చూపే. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

"మరి..." అన్నాడు.

ఆవిరి నా చెంపకు తగిలింది. చల్లగా.

"మరి నా పక్కన కూసున్న నువ్వెవరు?"

నేను మమతను అనాలి. అంతే కదా? చిన్న మాట. ఆ క్షణంలో నా పేరు నాకే నోటికి రాలేదు.

శ్రవణ్ చెయ్యి లాక్కున్నాడు. గోడకు ఒదిగిపోయాడు... నన్ను చూసి భయపడుతున్నాడు. నన్ను చూసి! ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగి కేకేశాడు.

"మమతా, జల్ది ఎక్కు! రైలు పోతది! మన సీట్ల ఎవరో కూసున్నరు!"

లేచాడు. కిటికీ దగ్గరికి రెండంగల్లో వెళ్లాడు. కొంచెమే తెరిచున్న అద్దాన్ని రెండు చేతులతో పక్కకు తోస్తున్నాడు. ఆ కిటికీకి గ్రిల్ లేదు. కింద కార్ పార్క్. సిమెంటు.

నేనెలా లేచానో నాకు తెలీదు. వెనక నుంచి నడుం పట్టుకుని లాగాను. ఇద్దరం కలిసి నేల మీద పడ్డాం. విడిపించుకోవాలని పెనుగులాడుతున్నాడు. మోచేయి నా పెదవికి తగిలి రక్తమొచ్చింది. "నేను మమతను! నేనే మమతను!" అని అరుస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లు అరిచానో. కింది ఫ్లాట్ వాళ్లు కప్పు మీద కర్రతో కొట్టారు.

దాంతో శ్రవణ్ కళ్లు తెరిచాడు.

"ఏమైంది? కింద కూసున్నమేంది?" అన్నాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. "ఇంత సలేంది మమతా?"

లైటేశాను. ఆవిరి లేదు. ఏమీ లేదు. గది మునుపటిలాగే ఉడికిపోతోంది. నిద్రలో నడుస్తున్నావు, కిటికీ తియ్యబోయావు, ఆపాను అని మాత్రం చెప్పాను. మిగతాది ఈరోజుకీ చెప్పలేదు. తెల్లవారాక కిందికెళ్లి కిటికీ వైపు చూశాను. నున్నటి గోడ. పిల్లి కూడా నిలబడేంత చోటు లేదు. ఆ ఎండల్లో శ్రవణ్‌కి వారం రోజులు జలుబు, దగ్గు. డాక్టర్ వైరల్ అన్నాడు. అయ్యుండొచ్చు.

మరి యూరప్ పోయారా అంటారు కదా. పోయాం. పాస్ తీసుకున్నాం, రైళ్లెక్కాం, మంచు చూశాం. ఏమీ జరగలేదు. పెద్ద ఊళ్లలోనే దిగాం. కొండల మధ్య చిన్న చిన్న స్టేషన్లు ఎన్ని వచ్చాయో. బొమ్మల్లా ఉన్నాయి. దిగుదామని శ్రవణ్ ఒక్కసారి కూడా అనలేదు. అంత పేచీ పెట్టినవాడు! ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. రైలు ఆగిన ప్రతిసారీ ఇద్దరం మాట్లాడ్డం మానేసి, కదిలేదాకా కూర్చునేవాళ్లం.

అది కల కావచ్చు. నిద్రలో నడక కావచ్చు. ఆ చప్పుడు పాసమ్‌దే కావచ్చు. ఆవిరి సంగతి మాత్రం నాకు అంతు చిక్కదు. కానీ నిజం చెప్పనా... కిటికీ బయట ఏముందో అన్న భయం ఇప్పుడు తగ్గిపోయింది. ఆయన నన్ను చూసి భయపడ్డాడే, అది తగ్గడం లేదు.

ఇప్పుడు కూడా ఒక్కోసారి అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే, శ్రవణ్ మేలుకుని నా వైపే చూస్తుంటాడు. కళ్లు తెరిచే. నేనే ముందు చెప్పేస్తాను, "నేనే... మమతను" అని.

"ఎర్కే తియ్. పండుకో" అంటాడు.

అంటాడు. కానీ వెంటనే అనడు. కొంచెం... ఆగి అంటాడు.