మంచం తిరిగిన మలుపు

విశ్వాసమ్మక్క ఇంటికి వాకిలి పెట్టింది నేనే. రెండున్నర అడుగుల వెడల్పు. గడప దాటితే మూడడుగుల సందు, సందుకు అవతల పక్కింటి గోడ. ఆ కాలనీలో నలభై ఇళ్లు అట్లాగే కట్టాను, ఒక్కరూ వంక పెట్టలేదు. మంగంపేట చుట్టుపక్కల హనుమన్న మేస్త్రీ కడితే గోడ తూకం తప్పదని పేరు. ఆ పేరు తలుచుకుని నేనూ లోలోపల మురిసేవాణ్ణి.

ఏడేళ్ల కిందట ఆమె భర్త ఏసేపు చనిపోయాడు. నా దగ్గర ముప్పై ఏళ్లు రాళ్లు చెక్కినవాడు, పనివాడి కంటే స్నేహితుడే ఎక్కువ. శవపెట్టె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. గడప దాకా బాగానే వచ్చింది. సందులోకి తిప్పబోతే తిరగలేదు. ముందుకు తోశాం, వెనక్కు లాగాం, మళ్లీ తోశాం. చివరికి పెట్టెను నిలువుగా లేపి బయటికి తీశాం. అప్పుడు లోపల ఏసేపు తల చెక్కకు టక్కున తగిలింది. నలుగురమూ విన్నాం, విననట్టే నడిచాం. వెనకనే వస్తున్న విశ్వాసమ్మక్క కూడా విన్నది. నేను తిరిగి చూస్తే ఆమె నన్ను చూడటం లేదు, నేను పెట్టిన ద్వారబంధాన్ని చూస్తోంది.

పదహారేళ్లకు పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆమె పని గనిలో ముగ్గురాళ్లు, అదే బెరైటీసు, ఏరడం. మంచి రాయి ఒక కుప్ప, పనికిరానిది ఒక కుప్ప. కళ్లతో చూడనక్కర్లేదు, చేతిలోకి తీసుకుంటే బరువును బట్టి చెప్పేసేది. నెత్తిన గంప, ఎదురుగా లారీ, పక్కన గుంత. వాటి నడుమ ఎంత జాగా ఉంటే మనిషి దాటిపోవచ్చో ఆమె ఒంటికి తెలుసు. ముప్పై ఐదేళ్లు అట్లా నడిచిన మనిషి నోరు తెరిచి ఎవరికీ ఒక సలహా చెప్పగా నేను చూడలేదు. చర్చిలో వెనక వరస, మీటింగులో గోడవార. ఏసేపు పోయాక కూడా నేను ఎదురైతే 'బాగుండావా హనుమన్నా' అని పలకరించేది. తిట్టినా బాగుండు అనిపించేది నాకు.

కిందటేడు కాలనీకి హాలు కట్టాలని అనుకున్నారు. పెళ్లికీ, ప్రార్థనకూ, ఎవరైనా పోతే కడసారి చూపుకూ అన్నిటికీ అదే. కర్నూలు నుంచి ఒక ఆర్కిటెక్టుల స్టూడియో వాళ్లు వచ్చారు. పెద్దామె పేరు శివాని. పెద్దామె అంటే ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ప్లాను చూపించమన్నాను.

"ప్లాను ఇంకా లేదు మేస్త్రీ గారూ. ముందు నేల మీద గీసి చూద్దాం" అంది.

నాకు ఒళ్లు మండింది. ముగ్గులు వేయడానికా కర్నూలు నుంచి కారేసుకుని వచ్చింది అనుకున్నాను.

నిజంగానే ముగ్గే వేశారు. హాలు ఎంత ఉంటుందో అంత, ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో గోడలు గీశారు. పడమటి నుంచి గని దుమ్ము కొట్టకుండా వాకిలికి ఎదురుగా ఒక అడ్డగోడ. ఆ గోడ పక్కగా వచ్చి, మలుపు తిరిగి లోపలికి పోవాలి. దుమ్ము మాట ఆలోచించినందుకు మనసులో మెచ్చుకున్నాను, పైకి మాత్రం అనలేదు. "ఈ ఒక్కరోజు ఇది హాలే అనుకోండి. లోపల కూర్చోండి, తిరగండి, మీ పనులు చేసుకోండి" అంది శివాని. మగవాళ్లు నవ్వారు. నేను గోడ గీత మీదుగా అడుగేసి బీడీ కాల్చుకోవడానికి పోయాను.

అప్పుడు విశ్వాసమ్మక్క వచ్చింది. గీత దాకా వచ్చి ఆగింది. చుట్టూ తిరిగి, వాకిలి అని వదిలిన సందు దగ్గరికి పోయి, లేని గడపకు కాలు తగలకుండా ఎత్తి లోపలికి అడుగు పెట్టింది. ఆమె వెనక ఆడవాళ్లందరూ అట్లాగే పోయారు. బియ్యం ఏరుకున్నారు, కబుర్లు చెప్పుకున్నారు, లేని గోడకు దగ్గరగా నీడ కోసం జరిగారు. మధ్యాహ్నం రెండో బీడీకి నేను కూడా చుట్టూ తిరిగి వాకిట్లోంచే బయటికి పోయాను. నాకు ఎవరూ చెప్పలేదు.

ఎండ వాలుతుండగా ఆమె ఇంటికి పోయి, ముగ్గురు ఆడవాళ్లతో నులక మంచం మోసుకొచ్చింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మంచం భుజాల మీద. అడ్డగోడ పక్కగా వచ్చి మలుపులో తిరగబోయారు. మంచం కోడు గీత దాటింది. ఆగారు. వెనక్కు వచ్చారు. మళ్లీ తిప్పారు, మళ్లీ ఆగారు. నాలుగు దిక్కులా ఖాళీ నేల. అడ్డం ఉన్నదల్లా బెత్తెడు వెడల్పు పిండి. తొక్కితే ఎవరూ అడగరు. వాళ్లు తొక్కలేదు. నవ్విన మగవాళ్లు లేచి దగ్గరికొచ్చారు. నాకు అక్కడ గోడ కనిపించింది. ఒట్టు పెట్టి చెబుతాను, కనిపించింది.

"మంచం లోపలికి ఎందుకవ్వా?" అని శివాని అడిగింది.

"మంచం గాదు పాపా, పెట్టె అనుకో" అంది విశ్వాసమ్మక్క. "మా ఆయన్ని నిలబెట్టి తీస్నారు. తలకాయ చెక్కకు కొట్టుకునింది. నాకు ఇనపడింది. ఇంగెవురికీ అట్ల జరగగూడదు."

ఆరేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. నన్ను చూడలేదు. నేనే ముందుకొచ్చి, "ఆ వాకిలి పెట్టింది నేనేనమ్మా" అన్నాను.

శివాని గీత దగ్గరికి వచ్చింది. చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది. తాను గీసిన గీతను అరచేత్తో చెరిపేసింది. "గోడ యాడ పెట్టాలో నువ్వే చూపించవ్వా" అని పిండి డబ్బా ఆమె చేతికి ఇచ్చింది.

విశ్వాసమ్మక్క మంచం వదిలింది. ఆమె మూల నేను పట్టుకున్నాను. మేం ఒక్కో అడుగే వేస్తూ తిరుగుతుంటే, ఆమె నడుం వంచి కోడు పోయిన దారికి జానెడు అవతల పిండి వదులుతూ వచ్చింది. గీత వంపు తిరిగింది. శివాని టేపు పెట్టి కొలిచి రాసుకుంది, ఒక్క అంగుళం మార్చలేదు. చదువుకున్న మనిషి తన గీతను అట్లా చెరుపుకోవడం, గనిలో రాళ్లు ఏరిన చెయ్యి గోడకు దారి చూపడం ఒకే పూట చూశాను. ఇన్నేళ్లూ నేను గోడ కట్టి, దాని వెంట తిరగమని మనుషులకు చెప్పాను.

వంపు గోడను నాపరాయి పలకలతో వరస మీద వరస పేర్చి నా చేత్తోనే కట్టాను. కూలీలను పలక అందించమన్నానే గానీ పెట్టనివ్వలేదు.

హాలు తెరిచిన ఆదివారం ప్రకాశం పాస్టరుగారు బయట ప్రార్థన చేశారు. అందరూ లోపలికి పోబోతుంటే విశ్వాసమ్మక్క ఆగమంది. నులక మంచం తెచ్చి పెట్టించింది. తెల్లచీర సర్దుకుని దాని మీద పడుకుంది. కాళ్లు చాపి, చేతులు గుండె మీద పెట్టుకుంది. కళ్లు మాత్రం తెరిచే ఉంచింది.

"ఇదేందక్కా, మంచిరోజు" అన్నాను.

"సచ్చినాక నాకు తెలీదు గదప్పా. ఇప్పుడే సూసుకుంటా. నువ్వు తలకాయ తట్టు పట్టుకో."

పాస్టరుగారు పక్కకు జరిగి దారి ఇచ్చారు. నలుగురం ఎత్తాం. మలుపు దగ్గరికి వచ్చాం. గోడ నా భుజానికి జానెడు దూరంలో వంపు తిరుగుతూ వచ్చింది. మంచం ఎక్కడా ఆగలేదు, వెనక్కు రాలేదు. లోపలికి పోయి హాలు నడుమ దించాం. వెనకాల వచ్చిన జనం అంతా నిలబడ్డారు. శివాని గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

విశ్వాసమ్మక్క కాసేపు పైకప్పును చూస్తూ అట్లాగే పడుకుంది. తర్వాత తల తిప్పి, ఆరేళ్లకు మొదటిసారి, నా కళ్లలోకి చూసింది.

"తలకాయ రవంత గూడా కదల్లా, హనుమన్నా" అంది.