యానాం లాంచీకి ఫ్రెంచి ఉత్తరం

ఒక లాంచీని, ఒక ఉద్యోగాన్ని, మా సూపరింటెండెంటు గారి పరువుని ఒకే ఒక్క ఉత్తరంతో గోదాట్లో ముంచబోయిన ఘనుడెవరయ్యా అంటే ఎక్కడో వెతకక్కర్లేదు, ఈ రాస్తున్నవాణ్ణే. మద్యనిషేధం నడుస్తున్న రోజుల నాటి మాట. దీన్ని తలుచుకుని నవ్వడానికి నాకు పదేళ్ళు పట్టింది. మీరు అన్నాళ్ళు ఆగక్కర్లేదు, ఇప్పుడే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

నేనప్పుడు రాజమండ్రిలో ఓ సర్కారు ఆఫీసులో కొత్త గుమాస్తాని. సొంతూరు పాలకొల్లు. బి.ఏ. ఫస్టు క్లాసు. ఆ సంగతి అడగనివాళ్ళకి కూడా చెప్పేవాణ్ణి. ప్రొబేషను పూర్తవడానికి ఇంకో నెల ఉంది. ఈలోగా ఏ చిన్న తేడా వచ్చినా పెట్టె సర్దుకుని పాలకొల్లు బస్సెక్కడమే.

అప్పట్లో మన వైపు మందు లేదు, యానాంలో ఉంది. ఊరు మన మధ్యలోనే ఉన్నా అది పాండిచ్చేరి వాళ్ళది కదా, మన నిషేధం అక్కడ పనిచెయ్యదు. దుర్గారావని ఒకడు అక్కడి సీసాలని లాంచీలో మన రేవులకి చేరవేస్తూ దొరికిపోయాడు. లాంచీని జప్తు చెయ్యమని ఆర్డరు వచ్చింది. ఆర్డరు వచ్చేసరికి వాడు బెయిలు మీద బయటికొచ్చేశాడు, ఆ లాంచీ యానాం రేవులో దర్జాగా కట్టేసి ఉంది.

సూపరింటెండెంటు సుబ్బారాయుడు గారు నన్ను పిలిచారు.

"ఏమయ్యా మూర్తీ, మన ఆర్డరు యానాంలో చెల్లదు. కాస్త ఆ లాంచీని పట్టుకుని మాకు అప్పగించండి బాబూ అని అక్కడి ఆఫీసుకి రిక్వెస్టు లెటరు పెట్టాలి. మన ధోరణిలో 'చేయవలెను, లేనిచో' అని దబాయించేవు. వాళ్ళ భాషలో, మర్యాదగా రాయి."

"వాళ్ళ భాషలోనా అండీ?"

"వాళ్ళ భాషలోనేనయ్యా! ఫస్టు క్లాసువి, అన్నీ విడమరిచి చెప్పాలా?"

ఇక్కడే కొంప మునిగింది. మా బామ్మ ఎప్పుడూ ఉత్త యానాం అని అనేది కాదు, "ఫ్రెంచి యానాం" అనేది. మరి ఫ్రెంచి యానాం వాళ్ళ భాష ఏమవుతుంది? మీరే చెప్పండి. నాకు అదే తట్టింది. పైగా ఆఫీసులో ఇంకెవరికీ తట్టలేదని పొంగిపోయాను కూడా.

మంగళవారం పొద్దున్నే ద్రాక్షారామం మీదుగా యానాం వెళ్ళి, టీ కొట్టాయన్ని అడిగాను.

"ఇక్కడ ఫ్రెంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారాండి?"

"ఎందుకు లేరండి! పింఛను మేస్టారున్నారు. ఆ దొరల దగ్గర పనిచేశారు, ఇప్పటికీ పింఛను ఆ దేశం నుంచే వస్తది. ఆ ఆకుపచ్చ కిటికీల ఇల్లేనండి."

మేస్టారు ఎదురొచ్చి మరీ లోపలికి తీసుకెళ్ళారు. "గవర్నమెంటు పని మీద వచ్చారా? కూర్చోండి బాబూ. అమ్మా నాగలక్ష్మీ, కాఫీ తేమ్మా!"

కాగితాలు ముందు పరిచి సంగతంతా చెప్పాను. "లాంచీ పేరు నాగలక్ష్మి అండి. అరె, మీ అమ్మాయి గారి పేరూ అదేనే!"

ఆయన కాఫీ ఊదుకున్నారు. "మా వైపు చాలామందికి ఉంటది బాబూ ఆ పేరు."

నిజమే కదా అనుకున్నాను. ఫస్టు క్లాసు బుర్ర మరి!

"ఇంతకీ ఎప్పుడు పట్టుకుంటారు?"

"గురువారం ఈ ఉత్తరం ఇవ్వగానేనండి. ఆ దుర్గారావు చెవిన పడకూడదు. పరమ రహస్యం."

"అయ్యో, పరాయివాళ్ళెవరికీ చెప్పను బాబూ."

గంటసేపు కూర్చుని రాశారు. అక్షరాలు కళ్ళకద్దుకునేటట్టున్నాయి. కింద సంతకానికి చోటు కూడా వదిలారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు సరికదా, దారిలో తినమని జంతికలు పొట్లం కట్టించారు. ఇంత మంచివాళ్ళు ఇంకా ఉన్నారా అని బస్సులో జంతికలు నములుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

బుధవారం ఆ ఉత్తరాన్ని పెద్ద కాగితాల కట్ట మధ్యలో పెడితే సుబ్బారాయుడు గారి పైనుండే మా ఆఫీసరు గారు చదవకుండానే కట్టంతా సంతకాలు చేసేశారు. నేనే స్వయంగా సీలు గుద్దాను.

గురువారం యానాం ఆఫీసులో అక్కడి అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంటండి ఇది?"

"ఫ్రెంచి అండి."

"ఎవరికండి?"

"మీకేనండి!"

"మాది పెద్దాపురమండి," అన్నారాయన నీరసంగా. "ఫ్రెంచోళ్ళు నేను పుట్టకముందే వెళ్ళిపోయారు. తెలుగులో ఓ ముక్క రాసుంటే ఈపాటికి లాంచీ మీ చేతిలో పెట్టేవాణ్ణి కదండీ!"

"పోనీ, ఎవరిచేతైనా చదివించుకుంటే..."

"ఇంత ఫ్రెంచి చదవగలిగేది ఊళ్ళో పింఛను మేస్టారొక్కరే. ఆయనకెలా చూపిస్తామండి? దుర్గారావు ఆయన అల్లుడు!"

మంగళవారం తిన్న జంతికలు అప్పుడు గుర్తొచ్చాయి.

రేవుకి పరిగెత్తాను. లాంచీ లేదు. జనాన్ని ఏరు దాటించే పంటు మీదున్న మనిషిని అడిగితే, "నాగలక్ష్మి లాంచీయా అండి? నిన్ననే ఎదురులంక తోలేశారండి. యానాంలో జప్తు చేసేత్తారంట గదండీ, అందుకని," అన్నాడు.

ఎస్టీడీ బూతులోంచి సుబ్బారాయుడు గారికి ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన తిట్టిన తిట్లలో అచ్చువెయ్యదగ్గవి ఇవి: "వాళ్ళ భాషంటే వాళ్ళు మెచ్చేటట్టు రాయమనయ్యా! ఫ్రెంచేంటయ్యా నీ మొహం! ఇంక ప్రొబేషను మాట మర్చిపో! ఇంతకీ ఎక్కడికి తోలాడు?"

"అవతలి ఒడ్డుకండి. ఎదురులంకకి." నాకు ఏడుపు తన్నుకొస్తోంది.

ఫోనులో దబ్బున బల్ల గుద్దిన చప్పుడు వినిపించింది.

"ఒరే మూర్తీ!" ఆయన నన్ను ఒరే అనడం అదే మొదలు. "ఎదురులంక ఎవరిదిరా?"

"దుర్గారావుదా అండి?"

"మనదిరా! మన జిల్లారా! అక్కడ ఎవణ్ణీ బతిమాలక్కర్లేదురా!"

సాయంత్రం నాలుగింటికల్లా లాంచీ జప్తయిపోయింది. నా ప్రాణం నాకు తిరిగొచ్చింది. నెల తిరక్కుండా ప్రొబేషనూ పూర్తయింది. యుక్తిగా యానాం దాటించి పట్టించానని కొందరు మెచ్చుకున్నారు కూడా. నేను కాదనలేదు.

ఆ పొగడ్తలు వారం రోజులు కూడా నిలవలేదు. నేను వెనక్కి తెచ్చిన ఉత్తరం ఫైల్లో పెట్టాలి కాబట్టి సుబ్బారాయుడు గారు దాన్ని ఓ కాలేజీలో ఫ్రెంచి చెప్పే మేడం గారిచేత తెలుగు చేయించారు. ఆఫీసందరి ముందూ పైకి చదివారు:

"నాగలక్ష్మి లాంచీతో మాకు ఏ పేచీ లేదు. దాని యజమాని దుర్గారావు యోగ్యుడు. ఆయన మావగారు అంతకన్నా యోగ్యులు. ఈ ఉత్తరం తెచ్చిన అబ్బాయి అమాయకుడు, దయచేసి బస్సెక్కించి పంపగలరు."

కింద మా ఆఫీసరు గారి సంతకం. దాని పక్కన నేను గుద్దిన సీలు.

ఇంత గట్టి కాగితం ఉండగా లాంచీని ఎందుకు కదిపావయ్యా అని తర్వాత దుర్గారావుని అడిగితే, వాడు తల గోక్కున్నాడు. "మావయ్య ఫ్రెంచి మీద నాకు నమ్మకం లేదండి."

ఆ అల్లుడు మావగారిని నమ్మి ఉంటే నేనివాళ పాలకొల్లులో ఫస్టు క్లాసు గురించి చెప్పుకుంటూ తిరుగుతూ ఉండేవాణ్ణి.

అందుచేత గౌతమీ గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నేను చదవలేని కాగితం మీద ఈ జన్మలో సీలు వెయ్యను. ఎవరింట్లోనైనా ఫైల్లో ఉన్న పేరుగల అమ్మాయి కాఫీ తెస్తే, గుక్కెడైనా తాగకుండా లేచి వచ్చేస్తాను.

జంతికలిస్తే మాత్రం తీసుకుంటాను. అవి చాలా బాగున్నాయి.