సాలవ్వ పత్తికి పన్నెండు ఫొటోలు

నేను కామారెడ్డిలో ఫొటో స్టూడియో నడుపుతాను. నా పేరు యాకూబు. ఇరవై ఏళ్లుగా పెళ్లి ఫొటోలే నా బతుకు. పెళ్లికూతురి ముఖం మీద మొటిమ ఉంటే తుడిచేస్తాను, వెనక కరెంటు స్తంభం ఉంటే పీకేస్తాను. అదేమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అందంగా కనిపించాలనేగా మా దగ్గరికి వచ్చేది? ఆ అలవాటే చివరికి ఒక మనిషి కొంప ముంచింది. ముంచింది నాది కాదు, సాలవ్వది.

సాలవ్వది ఎల్లారెడ్డి దారిలో ఒక చిన్న ఊరు. మూడెకరాల పత్తి చేను. ఏడేళ్ల కిందట యూరియా, పురుగుమందులు మానేసింది. ఎందుకు మానేశావంటే పెద్ద కథేమీ చెప్పలేదు. నేల గచ్చులా బిగుసుకుపోయిందట, ఎడ్లు గుంజినా గుంటుక దిగలేదట, కోపమొచ్చి మానేసిందట. అంతే. జనుము చల్లి, పూతకు రాగానే దున్ని మట్టిలో కలిపేసింది. పత్తి సాళ్ల మధ్య కంది వేసింది, గట్ల వెంట బంతి పెట్టింది. పేడ, ఆవు మూత్రం, బెల్లం డ్రమ్ములో కలియబెట్టి మొదళ్లకు పోసింది. మొదటి రెండేళ్లు పంట సగానికి పడిపోయింది. ముసలిదానికి పిచ్చి లేసిందని ఊరు నవ్వింది. మూడో ఏడు పిడికెడు మట్టిలో వానపాము కనిపిస్తే, ఆ మట్టిని కొంగులో పోసుకుని ఇల్లిల్లూ తిరిగి చూపించిందట. పక్క చేను భూమక్క ముందుగా ఆమె బాట పట్టింది. మెల్లగా సాలవ్వ వెనక పదకొండు మంది ఆడవాళ్లయ్యారు.

నిరుడు హైదరాబాదులో బట్టలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ వాళ్ల పత్తి కొంటామని వచ్చింది. షరతు ఏమిటంటే, పన్నెండు మందిదీ కలిపి ఒకే సరుకుగా చూస్తారు. ఒక్కరి మీద అనుమానం వచ్చినా మొత్తం వద్దంటారు. చొక్కా కొనేవాళ్లకు అది ఏ మట్టిలోంచి వచ్చిందో చూపించాలని, జనుము దున్నడం దగ్గర్నుంచి పత్తి ఏరేదాకా పన్నెండు ఫొటోల్లో కథ కావాలన్నారు. ఆ పని నాకు దొరికింది. కంపెనీ తరఫున వచ్చే స్నిగ్ధ మేడం నాకు చెప్పింది ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు తీయమని. నేను తలూపాను.

ఆరు నెలలు బండి మీద తిరిగాను. సాలవ్వ నిలబడమంటే నిలబడదు, నవ్వమంటే కసురుతుంది. పని చేస్తుంటే తీసుకో, లేకుంటే పో అంటుంది. నాకు తిక్క రేగి రెండుసార్లు వెనక్కి వచ్చేశాను కూడా. కానీ పత్తి ఏరే రోజు తీసిన ఫొటో చూసి నాకే గర్వమనిపించింది. పొద్దుటి ఎండ, నడుముకు కట్టిన ఒడి నిండా పత్తి, వంగిన ఆ ముఖం. నా జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు.

స్నిగ్ధ వచ్చే రోజు పొద్దున ఆ ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. సాలవ్వ వెనక గట్టు మీద యూరియా బస్తా. నిండా పత్తి కుక్కి ఉంది. అక్షరాలు చదవొచ్చు. మా వైపు యూరియా బస్తా లేని ఇల్లు ఏది? వానకు నెత్తిన కప్పుకుంటాం, పరిచి కూర్చుంటాం, మక్కజొన్నలు పోస్తాం. పాత బస్తా అది, అంతే. కానీ షహరు వాళ్లు నమ్ముతారా? అయిదు నిమిషాల్లో బస్తాను తుడిచేసి అక్కడ గడ్డి పెట్టాను. సాలవ్వకు ఫోను చేయలేదు. చేస్తే తిడుతుందని భయం.

భూమక్క ఇంటి ముందు చాప పరిచి ఫొటోలు పెట్టాను. లోపల అర్రలో ఎవరి పత్తి మూటలు వాళ్లవి వరసగా ఉన్నాయి, బయట లారీ ఆగి ఉంది. స్నిగ్ధ ఒక్కో ఫొటో చూస్తూ వచ్చి చివరిదాని దగ్గర ఆగి, ఇది షోరూం గోడ నిండా పెడతానంది. అప్పుడు సాలవ్వ వంగి, కళ్లు చికిలించి చూసింది.

"యాకూబూ, నా బస్తా ఏది?"

నేను కళ్లతో సైగ చేశాను. ఆమె చూడలేదు.

"గట్టు మీద వెట్టిన గద. పత్తి నింపిన బస్తా. గీడ గడ్డెట్ల మొలిసింది?"

ఆడవాళ్లు ఫక్కున నవ్వి, స్నిగ్ధ ముఖం చూసి ఆపేశారు. అసలు ఫొటో చూపించమంది మేడం. కెమెరా తీసి చూపించాను. ఆమె దాన్ని పెద్దది చేసి చూసింది. ఆ బస్తా ప్లాస్టిక్ పోగు ఒక్కటి పత్తిలో కలిసినా నూలు పాడవుతుందని, అయినా అది ఏరుకోవచ్చని చెప్పింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఒక ఫొటో మార్చారు. మిగతా పదకొండూ మార్చలేదని నేను ఎవరికి, ఎలా చెప్పను?"

తప్పు నాదేనని, సాలవ్వకు ఏమీ తెలియదని అన్నాను. ఆ మాట అనాల్సింది పొద్దున. భూమక్క గోడకు ఆనుకుని కూలబడింది. పదకొండు మందీ సాలవ్వనే చూస్తున్నారు. బస్తా బిడ్డ ఇంటి నుంచి మక్కలతో వచ్చిందని, తన చేను యూరియా మొఖం చూసి ఏడేండ్లయిందని ఆమె చెప్పుకుంది. చెబుతున్నకొద్దీ ఎవరూ నమ్మడం లేదని ఆమెకే తెలిసింది. నా మీదికి తిరిగింది.

"నీకెవడు జెప్పిండు తుడువుమని? ఫొటోల బస్తా ఉంటే దాని సంగతి నేనే జెప్పుకుందు. లేని బస్తాకు ఏమని జెప్పాలె?"

సాలవ్వ అర్రలోకి పోయి తన మూటలు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేసింది. ఎవరైనా సాయం పోతే కసిరింది.

"గియ్యి నాయి. ఫొటో నాది, బస్తా నాది. నాది పక్కకు తియ్యుండ్రి మేడం. వీండ్లది వొద్దనకుండ్రి."

స్నిగ్ధ దూరంగా పోయి ఆఫీసుతో చాలాసేపు మాట్లాడింది. సాలవ్వ తప్పుకుంది కాబట్టి షరతు సడలించి, పదకొండు మంది పత్తినీ మళ్లీ ఏరి చూసి తీసుకుంటామంది. సాలవ్వది వద్దంది. ఫొటోలన్నీ వద్దంది. లారీ కదిలేదాకా సాలవ్వ తన మూటల మీదే కూర్చుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె చేయి పట్టుకుని పోయారు.

రెండు రోజులకు ఆ మూటలు ట్రాలీ ఆటోలో వేసుకుని, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుకు పోయింది. వద్దన్నా నేనూ వెంట పోయాను. మిల్లు ఆవరణలో పెద్ద రాశి. హమాలీలు ఆమె మూటలు విప్పి దాని మీద బోర్లించారు. మరుక్షణం ఎవరిదో ట్రాక్టరు వెనక్కి వచ్చి, మందులు కొట్టి పండించిన పత్తిని ఆ పైనే కుమ్మరించింది. సాలవ్వ రాశి దగ్గరికి పోయి పిడికెడు పత్తి తీసి చూసింది, పారేసి ఇంకో పిడికెడు తీసింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడేండ్లు, యాకూబూ," అంది ఆమె. "గిండ్ల ఏది నాదో ఇగ నేనే గుర్తువట్టలేను."