రెప్ప వేయని విహారి

విహారి సినిమాల్లో శవం వేషాలు వేస్తాడు. కృష్ణానగర్‌లో ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. కళ్లు తెరిచి చచ్చిపడి ఉండమంటే నాలుగు గంటలైనా అలాగే ఉంటాడు. రెప్ప పడదు, చెమట పట్టదు. అదంతా సాధన అనుకునేవారు పాపం దర్శకులు. సాధనా లేదు, పాడూ లేదు. విహారి గంధర్వుడు. ఆ జాతికి రెప్పలు పడవు, అంతే.

జూబ్లీహిల్స్ గుట్టలన్నీ ఒకప్పుడు వాళ్లవే. మనుషులొచ్చి బండలు పేల్చి మేడలు కట్టుకుంటుంటే గంధర్వులు గొడవ పడలేదు. పాటలు పాడుకునే జాతికి గొడవలేం తెలుసు? కిందికి దిగి మన మధ్యే కిరాయి గదుల్లో చేరారు. వాళ్లకు ఒకటే కట్టుబాటు: రెప్ప వేసినవాడు ఆ క్షణం నుంచి మనిషి, మళ్లీ వెనక్కి పోవడం ఉండదు. ఒకడు పక్కింటి ఎండుమిర్చి తాలింపుకు వేశాడు. ఇంకొకడు రోడ్డు పనుల దుమ్ముకు వేశాడు. ఒకావిడ బంజారాహిల్స్‌లో కళ్ల డాక్టరు టార్చి కొడితే వేసింది. అసలావిడ డాక్టరు దగ్గరికి ఎందుకెళ్లిందో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి మిగిలింది విహారి ఒక్కడే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అతనికి కాస్త టెక్కు పెరిగింది.

చిక్కల్లా పెళ్లాంతోనే. మల్లమ్మ అచ్చమైన మనిషి, ఏడుపు సీన్లకు పెట్టింది పేరు. పెళ్లినాటికి ఇద్దరూ ఈడూజోడూగా ఉండేవారు. ముప్పై ఏళ్లకు ఆమె జుట్టు నెరిసింది, మోకాళ్లు పట్టేశాయి, విహారి మాత్రం పెళ్లి ఫొటోలో ఉన్నట్టే ఉన్నాడు. హీరోలకే వయసు పెరగని చోట అతన్ని ఎవరు పట్టించుకుంటారు? కొత్తగా అద్దెకు దిగినప్పుడు మాత్రం ఇంటివాళ్లు "తమ్ముడా?" అనేవారు. తర్వాత తర్వాత "కొడుకా?" అన్నారు. అడిగిన ప్రతిసారీ మల్లమ్మ గది మార్పించేది.

"ఒక్కసారి రెప్పెయ్యరాదు? నీ సొమ్మేం బోతది?" అనేది.

"నేను గూడ ఏస్తే మా జాతే ఉండది."

"ఉండి ఏం జేస్తది? పీనుగు ఏషాలేసుడేనా?"

విహారి రెండ్రోజులు అలిగేవాడు.

మొన్నొక పొద్దున, షూటింగులకు మనుషులను పంపే వెంకటనర్సయ్య వచ్చాడు. "మల్లక్కా, ఫిల్మ్‌నగర్‌ల పనుంది. విహారన్న పీనుగ, నువ్వు మీద వడి ఏడ్వాలె."

"పెండ్లాం లెక్కనా?" మల్లమ్మ ముఖం వెలిగిపోయింది.

వెంకటనర్సయ్య తల గోక్కున్నాడు. "కాదక్కా. తల్లి లెక్క."

విహారి వద్దన్నాడు. ఆమె మాత్రం చీర మార్చుకుని బయల్దేరింది.

షూటింగ్ ఇంటి వాకిట్లో చాప మీద విహారిని పడుకోబెట్టారు. "కొడుకా అని గుండెలు బాదుకోవాలమ్మా, ఒక్క టేక్‌లో అయిపోవాలి" అని డైరెక్టరు చెప్పాడు. కట్టుకున్న మొగుణ్ని పట్టుకుని ఆ మాట ఎలా అంటుంది, తడబడి తీరుతుందని విహారి ధీమా.

"కొడకా! నన్నిడిసి పోతివా కొడకా!" అంటూ ఆమె అతని రొమ్ము మీద పడింది. ఒక్క తడబాటు లేదు. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆ నెరిసిన తలకు ఆ మాట ఎంత బాగా అతికిందో విహారికి తెలిసిపోయింది. రేపో మాపో ఈమె ఇలాగే పడుకుంటే, తాను నల్లజుట్టుతో పక్కన కూర్చుని, ఏడవాలన్నా కన్నీళ్లు రాక చూస్తూ ఉంటాడు. తానే వేశాడో, దానంతటదే పడిందో ఇప్పటికీ చెప్పడు గానీ, రెప్ప పడింది.

"కట్! శవం రెప్ప వేసింది!" డైరెక్టరు అరిచాడు.

విహారి లేచి కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. నడుము పట్టేసింది. మల్లమ్మ అతని నుదురు తడిమి చెయ్యి చూసుకుంది.

"ఏసినవా?"

"ఏసిన."

"మరి మీ జాతి?"

"ఐపోయింది" అన్నాడు. జన్మలో మొదటిసారి కన్నీళ్లు కారుతుంటే ఎలా ఆపాలో తెలియక అలాగే కూర్చున్నాడు.

మల్లమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒక్కదాన్నే ముసలిదాన్నయితుంటే ఎంత సిగ్గయితుండెనో నీకేమెరుక!"

"అమ్మా, ఇంకో టేక్. త్వరగా, కొడుకా అనండి" అని డైరెక్టరు తొందరపెట్టాడు.

మల్లమ్మ చాప మీంచి కదల్లేదు. "వేరేటోన్ని పండవెట్టుండ్రి సారూ" అంది. "గీయన నా మొగడు."