మడతలో రాసిన పేరు

షాపు షట్టరు ఎత్తిన పావుగంటకి ఒకాయన వచ్చాడు. "నాన్నగారు తెల్లవారుజామున పోయారండీ. ఫ్లెక్సు కావాలి" అన్నాడు. నేను "సైజెంతండీ?" అన్నాను. ఆరేళ్లుగా రోజూ అడిగే ప్రశ్న, నోరు దానంతటదే అడిగేసింది. ఆయన సైజు చెప్పి, ఫోన్‌లో ఫోటో తెరిచి నా ముందు పెట్టాడు. బాబాయిగారు.

భవానీపురంలో మా వీధి వీధంతా ఆయన్ని బాబాయిగారనే పిలిచేది. ఒక ప్రభుత్వ శాఖలో ఫోటోగ్రాఫరుగా చేసి రిటైరయ్యారు. పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఉండాల్సిన చోటు వేరే ఉంది.

ఆయన తీసిన ఒక ఫోటో మీరు తప్పకుండా చూసే ఉంటారు. వరదలో పడవ, పడవలో ఒకావిడ, ఆవిడ ఒళ్లో కుట్టుమిషను. ఇంట్లోంచి ఇంకేమీ తీసుకోలేదు, అదొక్కటే తెచ్చుకుంది. క్యాలెండర్ల మీద, ఎన్నికల పోస్టర్ల మీద, బట్టల షాపు సంచుల మీద ఆ బొమ్మ తిరుగుతూనే ఉంది. కింద ఎవరి పేరూ ఉండదు.

నేనూ వాడాను. ఇంటర్ మధ్యలో ఆపేసి, ఫోన్‌లో వీడియోలు చూసి డిజైనింగు నేర్చుకున్న దాన్ని. ఒక టైలరింగ్ సెంటర్ వాళ్ల బోర్డుకి ఆ ఫోటో వెబ్‌సైట్లోంచి లాగి పెట్టాను. పింఛను కాగితం జిరాక్సు తీయించుకోడానికి వచ్చిన బాబాయిగారు ఆరబెట్టిన ఫ్లెక్సు ముందు ఆగిపోయారు.

"ఈ బొమ్మ ఎక్కడిదమ్మాయ్?"

"గవర్నమెంటు వెబ్‌సైట్లోదండీ. గవర్నమెంటుదంటే అందరిదీ కదా."

"గవర్నమెంటు జీపు కూడా అందరిదేగా. తాళం తీసుకుని మంగళగిరి వెళ్లొస్తావా?"

నాకు ఒళ్లు మండింది. మీకెందుకండీ అన్నాను. ఆయన నవ్వి, ఫ్లెక్సు ఎడమ మూల చూపించారు. పడవ అంచు మీద ముదురు రంగులో ఏదో గుండ్రంగా ఉంది. నేను మూట అనుకున్నాను. "నా మోకాలు. పడవ ఊగుతుంటే అంచుని నొక్కిపట్టి తీశాను. మధ్యలో ఉన్నది అందరికీ కనపడుద్ది అమ్మాయ్. అంచులు చూడటం నేర్చుకో."

ఆ రాత్రే చట్టం ఏం చెబుతుందో వెతికాను. అర్థం కాని చోట మళ్లీ మళ్లీ చదివాను. ఉద్యోగంలో ఉండి తీసిన ఫోటో మీద హక్కు ప్రభుత్వానిది, అచ్చయిన అరవై ఏళ్లదాకా. గెజిట్‌లో వచ్చేలాంటివి కొన్ని ఎవరైనా వేసుకోవచ్చు కానీ ఫోటోలకి ఆ వెసులుబాటు లేదు. అంటే నేను చేసింది తప్పే. కానీ ఇంకో ముక్క కూడా ఉంది. హక్కు ఎవరిదైనా, తీసింది నేనే అని చెప్పుకునే హక్కు తీసినవాడి దగ్గరే ఉంటుంది. మర్నాడు ఆయన ముందు ఫోన్ పెట్టి గట్టిగా చదివి వినిపించాను.

"తెలుసమ్మాయ్," అన్నారు. "అడుగుతూనే ఉన్నాగా."

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కార్బన్ కాగితం మడిచి ఉండేది. శాఖకి అర్జీ రాసేవారు. ఆ బొమ్మ వేసినప్పుడల్లా కింద ఫోటో తీసినవారి పేరు వేయవలసిందిగా ప్రార్థన. ఒక కాపీ ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకుని, ఫైల్లో పెట్టుకునేవారు. ఒకసారి నేనూ వెళ్లాను. మూడు బల్లల దగ్గర నిలబెట్టారు. నాలుగో బల్ల దగ్గరి కుర్రాడు "మీరే తీశారనడానికి ఆధారం ఏదండీ?" అన్నాడు.

"నెగటివ్ మీ బీరువాలోనే ఉంది బాబూ."

"ఆ బీరువా ఎక్కడుందో చూడాలండీ. ఆఫీసు మారింది కదా."

నేను అరిచాను. వరదలో ప్రాణం మీదకి తెచ్చుకుని తీసిన మనిషిని ఆధారం అడుగుతారా అన్నాను. బాబాయిగారు నా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చారు. మెట్ల మీద కూర్చుని, టీ తాగి, "ఆ కుర్రాడు మొన్న చేరాడు. వాడి మీద అరిస్తే బీరువా దొరుకుద్దా? నేనూ ఇలాంటి కుర్చీలోనే కూర్చున్నాను" అన్నారు. ఆయనకి కోపం రాకపోవడమే నాకు ఎక్కువ కోపం.

పోయిన వానాకాలానికి ముందు ఆ శాఖ బోర్డులే మా షాపుకొచ్చాయి. వరద జాగ్రత్తలు, పక్కన ఆ పడవ బొమ్మ. కింద శాఖ పేరు. ఆయన పేరు చేరుస్తానంటే మా ఓనరు మండిపడ్డాడు. "వాళ్లిచ్చిన మేటర్లో అక్షరం కదిపితే బిల్లు ఆగుద్ది. నీ జీతం బాబాయి ఇస్తాడా?"

ఫ్లెక్సుని ఇనప ఫ్రేముకి బిగించాలంటే చుట్టూ నాలుగేసి అంగుళాలు వదులుతాం. అది వెనక్కి మడుచుకుపోతుంది, ఎవరికీ కనపడదు. ప్రతి బోర్డుకీ ఆ మడతలో "ఫోటో తీసినవారు" అని రాసి ఆయన పేరు వేశాను. గొప్ప పని చేశాననుకుని ఆయనకి చెప్పాను.

ఆయన మొహం మాడిపోయింది. "దాచి పెట్టడానికి నేనేం దొంగతనం చేశానా? అడిగేది ఎదురుగా వేయమని." వారం రోజులు షాపు గుమ్మం తొక్కలేదు. తర్వాత వచ్చి, ఏమీ జరగనట్టే కొత్త అర్జీ నా ముందు పెట్టి "అక్షరదోషాలుంటే చూడమ్మాయ్" అన్నారు. నేను క్షమించమని అడగలేదు. అడగాల్సింది.

ఆయన ఫ్లెక్సు నేనే చేశాను. పదకొండో రోజు వాళ్లబ్బాయి అర్జీల ఫైలు తెచ్చిచ్చాడు. "నాన్నగారు మీకివ్వమన్నారండీ." ముద్రలు పడ్డ కాపీలే అన్నీ. జవాబు ఒక్కటీ లేదు. ఒక్క చివరి దాని మీదే ముద్ర లేదు. దాన్ని ఆఫీసుకి తీసుకెళ్లాలి. ఓపిక లేదు, అయినా వెళ్తాను.

మొన్న పని దిగి వస్తుంటే ఏటి ఒడ్డు రోడ్డులో ఇడ్లీ బండి దగ్గర ఆగాను. ఎండకి పైన పాత ఫ్లెక్సు కట్టుకుంది బండి ఆవిడ. వరద బోర్డు. సీజను అయ్యాక ఫ్రేములోంచి ఊడదీసి పారేసి ఉంటారు. బొమ్మ లోపలి వైపుకి ఉంది. తినేవాళ్ల నెత్తిమీద పడవ, పడవలో కుట్టుమిషను. మడత విప్పుకుని అంచు కిందికి వేలాడుతోంది, స్క్రూల చిల్లులతో, తుప్పు మరకలతో. దాని మీద ఆయన పేరు.

నేను తినకుండా ఆ పేరునే చూస్తుంటే ఆవిడ అడిగింది. "ఎవరమ్మా ఆయన? ఏ పార్టీ?"

"పార్టీ కాదు పిన్నీ. ఆ బొమ్మ తీసినాయన."

ఆవిడ తలెత్తి పడవని చాలాసేపు చూసింది. "మిషను తడవకుండా ఎట్టా పట్టుకుందో చూడు" అంది. భుజం మీద తుండుగుడ్డ నీళ్లలో ముంచి పిండి, మునివేళ్ల మీద లేచి, పేరు మీద పట్టిన పొయ్యి మసిని ఒక్కో అక్షరమే తుడవడం మొదలుపెట్టింది.